‘ఎదురు’ అని రాశాను

నందిగామలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వెనక షెడ్డులో ఉపగ్రహాలు చేయబోతున్నారన్న కబురు నాకు మొదట తెచ్చింది మా చిన్నాన్న సాంబయ్య. ఆయన బస్సు కండక్టరు. జగ్గయ్యపేట నుంచి నందిగామ పోయే బస్సులో ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటుంటే విన్నాడట. డ్యూటీ దిగి ఇంటికి పోకుండా, టిక్కెట్ల మిషను మెడలో ఉండగానే మా షాపు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మాయ్, నందిగామలో ఎవరో పెద్దాయన సన్న తీగ చుట్టేవాళ్ళు కావాలంటున్నాడంట. వెంట్రుకంత తీగంట."

"దేనికి చిన్నాన్నా?"

"ఉపగ్రహానికంట."

మా నాన్న మోటారు మీంచి తలెత్తకుండానే, "నిన్నెవరో బాగా ఆటపట్టించార్రా సాంబా," అన్నాడు.

"ఆటపట్టిస్తే నాకేం పోయింది అన్నయ్యా. టిక్కెట్టు తీసుకునే చెప్పుకున్నారు వాళ్ళు."

మర్నాడు ఆయన బస్సులోనే నందిగామ వెళ్ళాను. వెళ్ళినదాన్ని రిటైరయ్యేదాకా అక్కడే ఉండిపోయాను. ఇప్పుడు ఆ షెడ్డు నడుపుతున్న హారిక, కొత్తగా చేరే పిల్లల కోసం నా అనుభవాలు రాసివ్వమని ఏడాదిగా అడుగుతోంది. ఓపిక లేదన్నాను. ఓపిక లేదన్నది నిజమే, కానీ అసలు కారణం అది కాదు. రాస్తే ఒక సంగతి రాయాలి. అది రాయకుండా మిగతావన్నీ రాయడం కుదరదు.

నాకు ఏ ఏడు ఏ హోదా వచ్చిందో, ఎవరు దండ వేశారో ఇందులో ఉండదు. పని ఎట్లా ఉండేదో ఉంటుంది.

ఇంటి చదువు

నేను బడికి వెళ్ళలేదు. ఐదో ఏట కాలికి జబ్బు చేసింది. అప్పట్లో మా వీధి నుంచి బడికి నడవాలి, ఎత్తుకుని తీసుకెళ్ళే తీరిక ఎవరికీ లేదు. మా మేనత్త ఇంట్లోనే చదువు చెప్పింది. అక్షరాలు, లెక్కలు, స్తోత్రాలు అన్నీ ఒకే పలక మీద. పదో తరగతి ప్రైవేటుగా కట్టాను. డిగ్రీ దూరవిద్యలో చదివాను. భౌతిక శాస్త్రం మాత్రం మా నాన్న షాపులో నేర్చుకున్నాను. ఆయనది మోటార్లకి తీగ చుట్టే పని. చుట్టుపక్కల బోర్లలో కాలిపోయిన మోటార్లన్నీ మా అరుగు మీదికే వచ్చేవి. కాలిన తీగ పీకి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టేవాళ్ళం. చుట్టకి మొదలు ఎటో కొస ఎటో తెలియకుండా కనెక్షన్ ఇస్తే మోటారు వెనక్కి తిరుగుతుంది, నీళ్ళు రావు. రైతు వచ్చి తిడతాడు. ఈ పాఠం నాకు పన్నెండో ఏటే వచ్చు. ఆ మాట ఇక్కడ ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

మా అత్తకి, మా నాన్నకి, కబురు మోసుకొచ్చిన చిన్నాన్నకి రోజూ దీపం పెట్టేటప్పుడు మనసులో దణ్ణం పెట్టుకుంటాను. వాళ్ళు చేసినదానికి నేను చేయగలిగింది అంతే.

చవక అంటే ఏమిటి

షెడ్డు పెట్టింది రామశేషు గారు. పెద్ద సంస్థలో పెద్ద ఉపగ్రహాలు చేసి రిటైరై వచ్చిన మనిషి. చెప్పుల పెట్టెంత ఉపగ్రహాలు చేసి, పెద్ద రాకెట్ మీద మిగిలిన ఖాళీలో పంపి, వాటితో సైన్సు చేయొచ్చని ఆయన నమ్మకం. పట్టుదల ఉన్న మనిషి. కోపం కూడా ఉంది. నన్ను పనిలోకి తీసుకున్న రోజు ఆయన నా సర్టిఫికెట్లు చూడలేదు. తీగ ఉండ ఒకటి చేతికిచ్చి చుట్టమన్నారు. చుట్టాను. భూతద్దం పెట్టి చూసి, "ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నారు.

"ఇంట్లోనండి."

"ఇంట్లోనా. ఇక్కడున్నవాళ్ళంతా కాలేజీలో నేర్చుకున్నారు. అందుకే ఒక్కరికీ రాదు."

ఆ ఒక్క మాటకి ఆయనకి జీవితాంతం రుణపడి ఉన్నాను. తర్వాత ఆయన మీద నాకున్న ఫిర్యాదులు కూడా రాస్తాను. రెండూ నిజమే.

కొత్తగా వచ్చే పిల్లలు చవక ఉపగ్రహం అంటే చవక సామాన్లతో చేసేది అనుకుంటారు. సామాన్లు చవకవే, అది నిజం. కెమెరాల్లో వాడే బ్యాటరీలు, ఫోన్లలో వాడే చిప్పులు వాడాం. కానీ అసలు తగ్గించేది సామాను కాదు, పరీక్షలు. పెద్ద ఉపగ్రహానికి ప్రతి భాగాన్నీ పదిసార్లు పరీక్షిస్తారు. మనం రెండుసార్లు చేస్తాం, ఆ రెండోది కూడా అలసిపోయిన మనిషి చేస్తాడు. మిగతా ఎనిమిదిసార్ల బరువు ఆ మనిషి మీద పడుతుంది. చవక అంటే అదీ. ఎవరూ మీకు ఈ మాట చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను.

షెడ్డులో ఒక గదికి అద్దాలు బిగించి, గాలి వడకట్టే యంత్రం పెట్టి శుభ్రమైన గది అన్నారు. గాజులు తీసి వెళ్ళాలి. పూలు పెట్టుకోకూడదు. కుంకుమ అసలు పనికిరాదు, ఆ పొడి రాలితే కటకాల మీద పడుతుంది. నేను కుంకుమ మానేసి స్టిక్కరు పెట్టుకుని వెళ్ళేదాన్ని. మొదటి ఉపగ్రహాన్ని ప్రయోగ కేంద్రానికి పంపే రోజున, దానికి ఒక బొట్టయినా పెట్టకుండా పంపడం నాకు మనసొప్పలేదు. అడిగాను.

రామశేషు గారు కళ్ళజోడు మీంచి చూసి, "బొట్టు పెట్టెకి పెట్టుకోండి అనసూయ గారూ. లోపలున్నదానికి కాదు. లోపలున్నది నా దేవుడు, మడి చెడుతుంది," అన్నారు.

చెక్కపెట్టెకి నాలుగు వైపులా బొట్లు పెట్టి పంపాం.

ఆ మొదటి ఉపగ్రహం పైకి వెళ్ళాక ఒక్క మాట కూడా మాట్లాడలేదు. దాని యాంటెన్నాలు మడిచి నైలాన్ దారంతో కట్టాం. పైకి వెళ్ళాక చిన్న తీగ వేడెక్కి ఆ దారాన్ని తెంపాలి, అప్పుడు యాంటెన్నా విచ్చుకుంటుంది. ఆ దారం వేదాద్రి రేవులో చేపలు పట్టేవాళ్ళ దగ్గర కొన్నది. నేనే కొన్నాను, స్వామి దర్శనం చేసుకుని వస్తూ. దారం తెగలేదా, బ్యాటరీ ఆగిందా, ఇంకేమైనా అయిందా, ఈ రోజుకీ తెలియదు. నెల రోజులు పొద్దునా సాయంత్రం చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాం. గర్రుమన్న శబ్దం తప్ప ఏమీ రాలేదు. కారణం తెలియని ఓటమి ఎట్లా ఉంటుందో అప్పుడు చూశాను. తప్పు తెలిస్తే ఏడ్చి ఊరుకోవచ్చు. తెలియకపోతే ప్రతి స్క్రూ మీదా అనుమానమే.

పని పుస్తకం

ఆ దెబ్బకి రామశేషు గారు ఒక పద్ధతి పెట్టారు. ప్రతి పనినీ ముందు ఒకరు పుస్తకంలో రాయాలి. ఇంకొకరు అది చదివి, చేసి, పక్కన సంతకం పెట్టాలి. రాసేదాన్ని నేను. చేసేది ఎక్కువగా సామ్రాజ్యం.

సామ్రాజ్యం గురించి చెప్పాలి. ఆవిడదీ జగ్గయ్యపేటే. భర్తకి ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే షాపు. ఆయన చూపు మందగించాక ఆవిడే తీగలు చుట్టేది. నేనే వెళ్ళి పిలుచుకొచ్చాను. నాకన్నా పదేళ్ళు చిన్నది. ఏడో తరగతి దాకా చదివింది. చేతులు మాత్రం నాకన్నా మంచివి. ఉపగ్రహంలో వాడే కాయిలుకి వందల చుట్లు ఉంటాయి. ఒక్క చుట్టు కూడా పక్కదాని మీదికి ఎక్కకుండా పరిచేది. ఆవిడ చుట్టిన కాయిలు ఎండలో పెడితే పట్టుచీర అంచులాగా మెరిసేది.

"నీకు విసుగు రాదా సామ్రాజ్యం?" అని అడిగితే, "వస్తదండి అక్కయ్యగారూ. విసుక్కుంటానే చుడతా. తీగకేం తెలుసు నా మొహం," అనేది.

ఆవిడ కోసమే పని పుస్తకం తెలుగులో రాసేవాళ్ళం. నాకూ తెలుగులో రాయడమే హాయి. ఇంగ్లీషులో రాస్తే ఏదో అద్దెకి తెచ్చుకున్న చీర కట్టుకున్నట్టుండేది. హారిక అప్పుడే ఇంజనీరుగా చేరింది, ప్రోగ్రాములు రాసేది. తనకి తెలుగు చదవడం కొంచెం కష్టం. అయినా పుస్తకం కోసం నేర్చుకుంది. మా షెడ్డులో నాకు గర్వంగా ఉండే విషయాల్లో ఆ పుస్తకం ఒకటి. ఆ పుస్తకంలోనే తప్పు జరిగింది.

ఒక్క మాట

రెండో ఉపగ్రహం సూర్యుడి కోసం. సూర్యుడిలో మంటలు ఎగసినప్పుడు వచ్చే ఎక్స్-కిరణాలని లెక్కపెట్టే పరికరం అందులో పెట్టాం. ఆ పరికరం ఉన్న పలక ఎప్పుడూ సూర్యుడి వైపే ఉండాలి. దాన్ని సూర్యుడి పలక అనేవాళ్ళం.

రాకెట్ నుంచి విడిపోయినప్పుడు చిన్న ఉపగ్రహం పల్టీలు కొడుతూ బయటికి వస్తుంది. ఆ పల్టీలు ఆపడానికి మూడు కాయిళ్ళు. కాయిల్లోకి కరెంటు పంపితే అది అయస్కాంతం అవుతుంది. భూమి పెద్ద అయస్కాంతం. దిక్సూచి ముల్లు ఉత్తరానికి తిరిగినట్టు ఉపగ్రహం కూడా తిరగబోతుంది. సరైన సమయానికి సరైన వైపు తిప్పితే పల్టీలు నెమ్మదిస్తాయి. కాయిలు తిరగబడి ఉంటే, ఆపాల్సింది పోయి ఇంకా తోస్తుంది.

మూడో కాయిలు అమర్చే పనికి నేను పుస్తకంలో రాసిన వాక్యం ఇది: "కాయిలు మొదలు సూర్యుడి పలకకి ఎదురు."

నా ఉద్దేశం, మొదలు ఉన్న ముఖం సూర్యుడి పలకకి ఎదురుగా, దాన్ని చూస్తూ ఉండాలని. మనిషికి ఎదురుగా కూర్చో అంటే మొహం అటు పెట్టి కూర్చుంటాం కదా, అట్లా.

సామ్రాజ్యం చదివింది. అమర్చింది. సంతకం పెట్టింది.

తర్వాత పరీక్ష నేనే చేశాను. కాయిల్లోకి కరెంటు పంపి, పక్కన దిక్సూచి పెట్టి చూడాలి. ముల్లు కదిలింది. పుస్తకంలో "కదిలింది" అని రాసి సంతకం పెట్టాను. ఎటు కదిలిందో చూడలేదు. ఆ రోజు శనివారం, ఉపవాసం. దాని మీదికి నెట్టను, ఉపవాసం నా పనికి ఎప్పుడూ అడ్డు రాలేదు. మధ్యాహ్నానికి పెట్టె కట్టేయాలని బండి వచ్చి గేటు దగ్గర నిలబడింది, ముల్లు కదిలితే చాలనుకున్నాను. మోటారు తిరుగుతోందా అని చూసి, నీళ్ళొస్తున్నాయా అని చూడకుండా షాపు కట్టేసినట్టు. మా నాన్న బతికుంటే నన్ను ఆ రోజు అరుగు మీంచి దింపేసేవాడు.

ఉపగ్రహం పైకి వెళ్ళింది. ఈసారి మాట్లాడింది. మొదటి రోజు దాని గొంతు విని హారిక ఏడ్చింది, రామశేషు గారు బయటికి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చారు. నాలుగో రోజు పొద్దున ఉపగ్రహం మా ఆకాశం దాటి వెళ్ళిపోయాక హారిక నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మేడమ్, ఆగట్లేదు."

"నిన్నటి మీద తగ్గిందా?"

"పెరిగింది. కాయిళ్ళు వేస్తే పెరుగుతోంది, ఆపితే ఉన్నచోట ఉంటోంది. ఏదో ఒకటి తిరగబడింది మేడమ్. ఏదో తెలియట్లేదు."

ఒక్కో కాయిలు విడిగా వేసి చూసే ఏర్పాటు మేం పెట్టలేదు. చవకగా, తొందరగా చేసేటప్పుడు ముందు కోసేసేవి ఇవే. కాయిలు గుర్తు మార్చే ఆదేశం మాత్రం హారిక పట్టుబట్టి పెట్టింది. కూడిక గుర్తు తీసేసి తీసివేత గుర్తు పంపితే తిరగబడిన కాయిలు సరిగ్గా ఉన్నట్టే పనిచేస్తుంది. కానీ మూడింట్లో ఏది? బాగున్నదాని గుర్తు మారిస్తే ఇంకా వేగంగా గిర్రున తిరుగుతుంది, ఇక దాని మాట మనకి వినపడదు. పల్టీల వల్ల ఎండ సరిగ్గా పడక బ్యాటరీ రోజూ కొంచెం కొంచెం దిగుతోంది.

ఆ రోజు పదకొండు గంటలకే మీటింగ్ పెట్టారు. కాలేజీ కరస్పాండెంట్ గారు కూడా వచ్చారు. రామశేషు గారు పని పుస్తకం తెరిచి, కాయిళ్ళ పేజీలు తిప్పి, "మూడూ అమర్చింది సామ్రాజ్యం," అన్నారు.

కరస్పాండెంట్ గారు కుర్చీలో వెనక్కి వాలి, "ఫ్యాన్లు చుట్టేవాళ్ళ చేత ఉపగ్రహాలు చేయిస్తే ఇంతేనండి మరి. రేపు పేపరువాళ్ళు అడిగితే ఏం చెప్పమంటారు? ఒకావిడ ఏడో తరగతి, ఇంకొకావిడ ఇంట్లో చదువుకుంది అని చెప్పనా?" అన్నారు.

సామ్రాజ్యం తలుపు పక్కన నిలబడి ఉంది. "పుస్తకంలో ఎట్టా ఉందో అట్టానే పెట్టానండి," అంది.

"తిరగేసి పెట్టమని రాసుందా పుస్తకంలో?" అన్నారు కరస్పాండెంట్ గారు.

"లేదండి."

"మరింకేంటి?"

ఆవిడ నా వైపు చూసింది. రామశేషు గారు కూడా చూశారు. "మీరేమంటారు అనసూయ గారూ?"

"చూడాలండి," అన్నాను.

సంగతి తేలేదాకా సామ్రాజ్యాన్ని పనిలోకి రావద్దన్నారు. ఆవిడ తన క్యారేజీ తీసుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. అప్పటికి నాకు నిజంగానే ఏమీ తెలియదు. ఆ మాట వరకు నేను అబద్ధం చెప్పలేదు.

రెండు రోజులు

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక పుస్తకం తెరిచాను. మూడో కాయిలు దగ్గర నా వాక్యం చదివాను. రెండుసార్లు చదివాను. మూడోసారి సామ్రాజ్యం కళ్ళతో చదివాను. ఎదురు. మా ఇంటికి ఎదురిల్లు అంటే వీధికి అవతలి వైపు ఉండే ఇల్లు. ఎదురుగాలి అంటే మనం పోయే వైపు కాక మన మీదికి వచ్చే గాలి. "సూర్యుడి పలకకి ఎదురు" అంటే ఆ పలకకి అవతలి వైపు అని చదివితే అందులో తప్పేముంది?

ప్రతి ఉపగ్రహానికీ ఒక జత చేసి షెడ్డులో ఉంచుకుంటాం, పరీక్షల కోసం. దాన్ని కూడా అదే పుస్తకం చూసి అదే చేతులు చేశాయి. పైకి వెళ్ళినదాంట్లోనే ఏదో చేతి పొరపాటని అందరూ అనుకున్నారు కాబట్టి, జతని చూడాలని ఎవరికీ తోచలేదు. దాని మూడో కాయిల్లోకి కరెంటు పంపి దిక్సూచి పెట్టాను. ఈసారి ఎటు కదిలిందో చూశాను. రావాల్సిన వైపుకి రాలేదు.

అప్పుడే వెళ్ళి చెప్పాల్సింది. క్యాంటీను ముప్పై అడుగుల దూరంలో ఉంది. వెళ్ళలేదు. దిక్సూచి డ్రాయరులో పెట్టి, పుస్తకం ఎక్కడుందో అక్కడే పెట్టి, నా బల్ల దగ్గర కూర్చున్నాను.

ఎందుకంటే ఏం చెప్పను? "ఇంట్లో చదువుకుంది" అన్న మాట చెవుల్లో ఉంది. అన్నేళ్ళు ఆ మాట ఎవరూ అనకుండా చూసుకున్నాను. అందరికన్నా ముందు వచ్చి, అందరికన్నా తర్వాత వెళ్ళి. ఆ రోజుతో అదంతా పోతుందనిపించింది. సాయంత్రం ఇంటికి వెళ్ళి దేవుడి ముందు కూర్చున్నాను. ఆయనకి అంతా చెప్పాను. దేవుడికి చెప్పుకోవడం తేలిక, ఆయన ఎవరికీ చెప్పడు. హారికకి చెప్పడం కష్టం. మర్నాడు కూడా షెడ్డుకి వెళ్ళాను, పని చేస్తున్నట్టు తిరిగాను, వచ్చేశాను. ఆ రోజు రామశేషు గారు, ఇంకొక్క రోజు చూసి కాయిళ్ళు శాశ్వతంగా ఆపేస్తామన్నారు. అంటే ఉపగ్రహం ఉంటుంది, సూర్యుడి వైపు తిరగదు, దేనికోసం పంపామో అది ఉండదు. బ్యాటరీ ఇంకొంచెం దిగింది. అప్పుడు కూడా నోరు విప్పలేదు.

మూడో రోజు పొద్దున్నే మా ఇంటి గేటు చప్పుడైంది. సామ్రాజ్యం. మొదటి బస్సుకి వచ్చినట్టుంది.

"కాఫీ తాగుతావా?" అన్నాను. ఏం మాట్లాడాలో తెలియక.

"వద్దండి. ఒక్క మాట అడిగి పోదామని వచ్చా. మూడో కాయిలుకి సూర్యుడి పలకకి ఎదురు అని రాశారు కదండి."

"రాశాను."

"మా ఇంటికి ఎదురు మా ఆడబడుచోళ్ళ ఇల్లండి. రోడ్డుకి అవతలుంటది. అందుకని నేను మొదలు అవతలికి పెట్టా. రెండ్రోజులుగా ఆలోచిస్తన్నా. మీరు ఇవతలికి అనుకుని రాశారేమో అని నిన్న పప్పు రుబ్బుతుంటే తట్టింది. తప్పయితే నాదేనని చెప్పండి అక్కయ్యగారూ, నాకేం కాదు. మిషను మాత్రం పాడుగాకుండా చూడండి."

నేను చీర మార్చుకోలేదు, చెప్పులు వేసుకున్నాను. ఇద్దరం ఆటోలో వెళ్ళాం. దారిలో ఆవిడ ఆటో అబ్బాయితో మునేరులో నీళ్ళెంత ఉన్నాయని మాట్లాడుతోంది. నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

షెడ్డులో రామశేషు గారు, హారిక ఉన్నారు. పుస్తకం తెరిచి ఆ వాక్యం మీద వేలు పెట్టాను. "ఇది నేను రాసింది. ఈ మాటకి రెండర్థాలు. ఆవిడ చేసింది సరే, రాత తప్పు. పరీక్షలో ముల్లు ఎటు కదిలిందో నేను చూడలేదు. మూడో కాయిలండి."

తిడతారనుకున్నాను. రామశేషు గారు ఆ వాక్యాన్ని పైకి చదివారు. "నేను చదివినా నీలాగే అనుకునేవాణ్ణమ్మా," అన్నారు, సామ్రాజ్యంతో. తర్వాత హారిక వైపు తిరిగి, "మూడోది. జతలో ఒకసారి చూసుకుని, సాయంత్రం పంపు," అన్నారు.

సాయంత్రం నాలుగున్నరకి ఉపగ్రహం మా మీదుగా వెళ్ళినప్పుడు హారిక ఆ ఒక్క గుర్తు పంపింది. మర్నాడు పొద్దునకి పల్టీలు కొంచెం తగ్గాయి. ఆ తర్వాత ఇంకొంచెం. వారం తిరిగేసరికి సూర్యుడి పలక సూర్యుణ్ణి చూసింది. అనుకున్నదానికన్నా ఎక్కువకాలం అది పనిచేసింది, ఎంతోమంది పిల్లలు ఆ లెక్కలతో చదువులు పూర్తి చేసుకున్నారు. భగవంతుడి దయ. ఆ దయకి నేను తగనన్న సంగతి కూడా నాకు తెలుసు.

తర్వాత

ఆ వారం నుంచే పని పుస్తకం ఇంగ్లీషులో రాయాలని రామశేషు గారు ఆర్డరు వేశారు. అది తప్పని అప్పుడే అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. ఇంగ్లీషులో ఆపోజిట్ అన్నా ఇదే గతి పట్టేది. తప్పు భాషది కాదు. దిక్కు చెప్పాల్సిన చోట మాట రాయకూడదు, బాణం గీయాలి. పరీక్షలో కదిలిందా లేదా అని కాదు, ఎటు కదిలింది అని రాయాలి. మీరు ఏ భాషలో రాసుకున్నా ఈ రెండూ చేయండి. నా పాతికేళ్ళ పనిలోంచి మీకు నిజంగా పనికొచ్చేవి ఇవే అనుకుంటాను.

రెండో ఫిర్యాదు రిపోర్టు గురించి. పైకి పంపిన రిపోర్టులో రామశేషు గారు "అసెంబ్లీ లోపం" అని రాశారు, అంటే తప్పు అమర్చినవాళ్ళదని. అది మార్చి "రాతలో లోపం, పరీక్షలో లోపం" అని పెట్టమని అడిగాను.

"పైవాళ్ళకి ఆ తేడా అక్కర్లేదు అనసూయ గారూ. మీ పేరెందుకు మధ్యలో? వదిలేయండి," అన్నారు.

నా మంచి కోరే అన్నారు. నేను వదిలేశాను. రెండోసారి వదిలేశాను.

సామ్రాజ్యాన్ని మళ్ళీ రమ్మన్నారు. "మా ఆయన్ని చూసుకోవాలండి," అని చెప్పి పంపింది, రాలేదు. ఇంకెవరూ ఆవిడలాగా చుట్టలేకపోయారు. తర్వాత కాయిళ్ళు బయట కొన్నాం.

నేను రిటైరైన నెలలో జగ్గయ్యపేట వెళ్ళాను. ఆవిడ షాపులోనే ఉంది, పంపుసెట్టు మోటారు చుడుతోంది. జుట్టు తెల్లబడింది. నన్ను చూసి స్టూలు తుడిచి వేసింది. టీ తెప్పించింది. ఇద్దరం కాళ్ళ నొప్పుల గురించి, తీగ ధరల గురించి మాట్లాడుకున్నాం. నేను లేవబోతుంటే చేతిలో పని ఆపకుండానే అడిగింది.

"ఒక్కటి అడుగుతా, ఏమనుకోకండి అక్కయ్యగారూ. ఆ రోజు నేను మీ ఇంటికి రాకముందే మీకు తెలుసు కదా?"

అన్నేళ్ళలో ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. షెడ్డులో ఒప్పుకున్న రోజున కూడా రాతలో తప్పు ఒప్పుకున్నాను కానీ రెండు రోజుల సంగతి ఒప్పుకోలేదు. ఆ పొద్దునే తెలిసినట్టు నిలబడ్డాను.

"తెలుసు," అన్నాను.

"అనుకున్నా. మీరు కాఫీ తాగుతావా అన్నప్పుడు మీ మొహం చూసి అనుకున్నా," అంది. అని ఇంకో చుట్టు వేసింది. కోపంగా అనలేదు. పోనీలెండి అని కూడా అనలేదు. నేను క్షమించమని అడగబోయి, అడిగితే అది ఆవిడ మీద ఇంకో పని వేసినట్టవుతుందని ఊరుకున్నాను. నమస్కారం పెట్టి వచ్చేశాను.

హారికా, నువ్వు అడిగింది ఇదే అయితే ఇదిగో. ఈ పని చేసినన్నాళ్ళూ చాలా అలసిపోయాను. తీగల వల్ల వచ్చిన అలసట పడుకుంటే పోయేది. ఇది రాస్తే కానీ పోయేలా లేదనిపించి రాశాను. పోయిందో లేదో ఇంకా తెలియదు.

చదివే పిల్లలకి ఒక్క మనవి. ఆ రిపోర్టు కాలేజీ లైబ్రరీలో ఇప్పటికీ ఉంది, చేరిన మొదటి నెలలో మీ చేత చదివిస్తారు. అందులో "అసెంబ్లీ లోపం" అన్న మాట వచ్చినప్పుడు కాసేపు ఆగండి. ఆ ఉపగ్రహానికి మూడు కాయిళ్ళూ చుట్టి, అమర్చిన మనిషి పేరు సామ్రాజ్యం, ఊరు జగ్గయ్యపేట. ఆవిడ చేసినదాంట్లో ఏ లోపమూ లేదు. ఆ పేరు గుర్తుపెట్టుకోండి.